ఆధిపత్యం ఎక్కడ ఉంటుంది? జన్యువులు, జంతువులు, గ్రామాలు

ఆధిపత్యాన్ని గురించిన చర్చల్లో తరచుగా వినిపించే వాదన ఒకటుంది. కోళ్లలోనూ కోతుల్లోనూ తోడేళ్లలోనూ పెత్తనం చెలాయించేవి, తల వంచేవి ఉన్నాయి కాబట్టి మనుషుల్లో కొందరు ఏలడం, తక్కినవారు లోబడి ఉండడం ప్రకృతి సిద్ధమేనని ఆ వాదన చెబుతుంది. దీన్ని ఖండించేవారు మనిషి వేరు, జంతువు వేరని, సమాజాన్ని అర్థం చేసుకోవడానికి జీవశాస్త్రంతో పని లేదని అంటారు. రెండు పక్షాలూ ఒక విషయాన్ని మాత్రం ప్రశ్నించకుండానే ఒప్పుకుంటున్నాయి: ఆధిపత్యమంటే బలమైన ప్రాణిలో పుట్టుకతో ఉండే గుణమని, ఆ సంగతిని జీవశాస్త్రం ఎప్పుడో తేల్చేసిందని. గడిచిన నూటయాభై ఏళ్ల పరిశోధనను వరుసగా చూస్తే కనిపించే చిత్రం వేరు. జన్యువుల విషయంలోనైనా, జంతువుల గుంపుల విషయంలోనైనా, గ్రామాల విషయంలోనైనా ఆధిపత్యాన్ని ఒకరి ఒంట్లో వెతికినవారికి అది దొరకలేదు. ఇద్దరి మధ్య సంబంధంలో, ఆ సంబంధం నిలిచి ఉన్న పరిస్థితుల్లో వెతికినవారికే దాని జాడ తెలిసింది.

కాలక్రమంలో మొదటిది జన్యుశాస్త్రం. బఠాణీ మొక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1866లో ఫలితాలను ప్రచురించిన గ్రెగర్ మెండెల్, గుండ్రటి గింజల మొక్కను ముడతల గింజల మొక్కతో సంకరం చేస్తే తొలి తరంలో అన్నీ గుండ్రటి గింజలే వస్తాయని, ఆ తరం తనలో తాను పరాగసంపర్కం జరుపుకుంటే వచ్చిన 7,324 గింజల్లో 5,474 గుండ్రంగా, 1,850 ముడతలుగా ఉన్నాయని లెక్క చూపాడు. తొలి తరంలో పైకి కనిపించిన, అంటే ఆధిపత్యం ఉన్న లక్షణాన్ని బహిర్గతమనీ, అప్పుడు మరుగున ఉండి తరువాతి తరంలో తిరిగి వచ్చినదాన్ని అంతర్గతమనీ తెలుగు పాఠ్యపుస్తకాలు వ్యవహరిస్తాయి. ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలు యుగ్మవికల్పాలు. తల్లి నుంచి ఒక రూపం, తండ్రి నుంచి మరో రూపం అందుకున్న జీవి విషమయుగ్మజం. విషమయుగ్మజంలో ఏ రూపం ప్రభావం పైకి కనబడుతుందో అది బహిర్గతం. నిర్వచనం ఇంతవరకే; ఒక యుగ్మవికల్పం మరొకదానితో తలపడి దాన్ని అణచివేస్తుందన్న ఊహ పాఠకులు తమంతట తాము చేర్చుకున్నది.

ఆ ఊహ ఎంత తప్పో ముడతల గింజ కథే చెబుతుంది. 1990లో బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థ పరిశోధకులు ఆ జన్యువును గుర్తించినప్పుడు, అది పిండిపదార్థపు అణువులకు కొమ్మలు తొడిగే ఒక ఎంజైమును తయారుచేసే జన్యువని, ముడతల రూపంలో దాని మధ్యలోకి వేరే డీఎన్ఏ ముక్క వచ్చి చేరడంతో ఆ ఎంజైము తయారు కావడం లేదని తేలింది. ఎంజైము లేని గింజలో పిండి తగ్గి చక్కెర పెరుగుతుంది, చక్కెర ఎక్కువైన పచ్చిగింజ నీటిని ఎక్కువగా పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండినప్పుడు ఆ నీరు పోయి తోలు ముడతలు పడుతుంది. విషమయుగ్మజంలో పనిచేసే జన్యువు ఒక్కటే ఉన్నా గింజ గుండ్రంగా ఉండడానికి ఆ ఒక్కదాని పని చాలుతుంది. అయితే ఆ గుండ్రటి సంకర గింజనే కోసి పిండిరేణువులను సూక్ష్మదర్శిని కింద చూస్తే, అవి అటు శుద్ధ గుండ్రటి గింజ రేణువుల్లానూ ఇటు ముడతల గింజ రేణువుల్లానూ లేక నడిమి రకంగా ఉంటాయని 1908లోనే డార్బిషైర్ చూపించాడు. అంటే కంటితో చూసినప్పుడు సంపూర్ణంగా ఉన్న ఆధిపత్యం పిండిరేణువు దగ్గరికి వచ్చేసరికి లేనే లేదు. మారింది గింజ కాదు, చూపు నిలిచిన చోటు.

ఈ బహిర్గతత్వం ఎందుకు ఏర్పడుతుందన్న ప్రశ్న మీద 1920ల చివర రొనాల్డ్ ఫిషర్‌కూ స్యూవాల్ రైట్‌కూ పెద్ద వివాదమే నడిచింది. హానికర రూపాల ప్రభావాన్ని మరుగుపరిచే ఇతర జన్యువులను ప్రకృతి వరణం కాలక్రమేణా ఎంచుకుంటూ వచ్చిందని ఫిషర్, అదంతా కణంలోని రసాయన చర్యల తీరు నుంచే సహజంగా వస్తుందని రైట్ వాదించారు. 1981లో ఎడిన్‌బరోకు చెందిన కాక్సర్, బర్న్స్ లెక్కగట్టి చూపినదాన్ని బట్టి తూకం రైట్ వైపే మొగ్గింది: అనేక ఎంజైములు వరుసగా పనిచేసే చోట ఒక ఎంజైము పరిమాణం సగానికి పడిపోయినా చివరి ఉత్పత్తి పెద్దగా తగ్గదు, అందుకే పనిచేసే ఒక్క జన్యువు చాలా సందర్భాల్లో రెండింటితో సమానంగా కనబడుతుంది. ఇది గెలుపోటముల కథ కానే కాదు, మిగులు సామర్థ్యం కథ.

సికిల్‌సెల్ జన్యువు దగ్గర ఈ విషయం మరింత సూటిగా తెలుస్తుంది. భారతదేశంలో దీన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో తొలిసారి గుర్తించారు. ఆదిలాబాద్ నుంచి గోదావరి మన్యం దాకా ఉన్న ఆదివాసీ సమాజాలకు ఇది ఇంటి సమస్య. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం దీని నిర్మూలనకు జాతీయ మిషన్‌ను ప్రారంభించింది. తీవ్రమైన రక్తహీనత, ఎముకలను పిండే నొప్పి రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా మారిన రూపమే అందాలి, కాబట్టి వ్యాధిగా చూస్తే అది అంతర్గతం. మారిన రూపం ఒకరి నుంచే అందినవారి రక్తాన్ని పరీక్షిస్తే మామూలు హీమోగ్లోబిన్, మారిన హీమోగ్లోబిన్ రెండూ కనిపిస్తాయి, కాబట్టి ప్రోటీనుగా చూస్తే రెండూ సహబహిర్గతాలు. ఆ ఒక్క రూపమే తీవ్రమైన మలేరియా నుంచి రక్షణ ఇస్తుంది, కాబట్టి మలేరియా ఉన్న అడవిలో, ఆ రక్షణగా చూస్తే అది బహిర్గతం. ఒకే జన్యువుకు మూడు జవాబులు వచ్చాయంటే, ఆధిపత్యం జన్యువు సొంత ఆస్తి అనుకోవడం కుదరదు.

బహిర్గతమైనది జనాభాలో పెరుగుతూ పోవాలి కదా అన్న అనుమానం మెండెల్ సిద్ధాంతాన్ని తిరిగి కనుగొన్న తొలి రోజుల్లో పండితులను కూడా పట్టిపీడించింది. పొట్టివేళ్ల లక్షణం బహిర్గతమైతే దేశమంతా ఎందుకు వ్యాపించలేదన్న ప్రశ్న మీదనే 1908లో గణితవేత్త హార్డీ తన ప్రసిద్ధ సమీకరణాన్ని రాసి, బహిర్గతత్వానికీ వ్యాప్తికీ సంబంధం లేదని నిరూపించాడు. ఆరు వేళ్లు అనేక కుటుంబాల్లో బహిర్గతంగా సంక్రమిస్తాయి, అయినా అరుదు. ఓ గ్రూపు రక్తం అంతర్గతం, అయినా అతి సాధారణం.

వృక్షశాస్త్రంలో, జీవావరణశాస్త్రంలో కూడా ఆధిపత్యమన్న భావనకు వేరే అర్థాలున్నాయి. మొక్క తలలోని చిగురు కింది పక్కమొగ్గలను ఎదగనివ్వకపోవడాన్ని అగ్రాధిక్యత అంటారు. పొగాకు రైతు తలలు తుంచిన వెంటనే కణుపుల్లో పిలకలు పుట్టుకు రావడం, వాటిని మళ్లీ గిల్లుతూ ఉండవలసి రావడం ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో ఏటా జరిగేదే. తలచిగురు పంపే ఆక్సిన్ అనే హార్మోనే పక్కమొగ్గలను ఆపుతుందని 1930ల నుంచి చెబుతూ వచ్చారు కానీ, 2014లో బఠాణీల మీదనే జరిగిన పరిశోధన తల తెగిన తరువాత మొగ్గను మొదట లేపేది చక్కెర సరఫరా అని చూపింది. తలచిగురు ఆజ్ఞాపించడం కంటే ఆహారాన్ని ముందుగా తీసుకోవడమే అక్కడ ఎక్కువగా జరుగుతోందన్నమాట. ఇక జీవావరణంలో అత్యధికంగా విస్తరించిన జాతిని ఆధిపత్య జాతి అంటారు. కొల్లేటిలో గుర్రపుడెక్క, బీళ్లలో సర్కారు తుమ్మ అలాంటివి. విస్తరించిన జాతే వ్యవస్థను నిలబెడుతుందన్న హామీ లేదు. 1960లలో రాబర్ట్ పెయిన్ వాషింగ్టన్ తీరంలో ఒక రాతిపట్టు మీద నుంచి నక్షత్రచేపలను తొలగిస్తూ పోతే, వాటి బెడద తప్పిన ఆల్చిప్పలు రాళ్లను ఆక్రమించి అక్కడున్న 15 జాతులను 8కి కుదించాయి. సంఖ్యలో తక్కువగా ఉన్న నక్షత్రచేపే అంతకాలం ఆల్చిప్పల విస్తరణకు అడ్డుకట్టగా ఉంది.

సమాజం మీదికి ఎక్కువగా ఎగుమతి అయినవి మాత్రం జంతు ప్రవర్తన పరిశోధనలే. నార్వేకు చెందిన థోర్లీఫ్ ష్యెల్డెరుప్-ఎబ్బె కోళ్లగూటిని చిన్ననాటి నుంచి గమనిస్తూ, ఏ కోడి ఏ కోడిని పొడుస్తుందో రాసుకుని, 1922లో పొడిచే వరుస అనే భావనను ప్రవేశపెట్టాడు. ఆయన పట్టుకున్న అసలు విషయం ఏమిటంటే, ప్రతి జతలోనూ ఎవరు పైచేయి అన్నది ఒకసారి తేలిపోయాక గింజల దగ్గర మళ్లీ కొట్లాట జరగదు, కిందిది తప్పుకుంటుంది. కాబట్టి శాస్త్రపరిభాషలో ఆధిపత్యమంటే దౌర్జన్యం కాదు. తిండి, నీరు, గూడు, జత వంటివాటిని అందుకోవడంలో ముందువరుస, ఆ ముందువరుసను రెండోది ఒప్పుకుని తప్పుకోవడం. ఎదుటిది తప్పుకోకపోతే అది కొట్లాట అవుతుంది. ఆయనే గమనించిన మరో సంగతిని తరువాతివారు తరచుగా మరిచారు: మొదటి కోడి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది తిరిగి మొదటిదాన్ని పొడిచే చక్రాలు కూడా ఆ గూటిలో ఉన్నాయి. బలమే కొలబద్ద అయితే ఇలాంటి చక్రం సాధ్యపడదు. అయినా ష్యెల్డెరుప్-ఎబ్బె నిరంకుశత్వమే ప్రపంచమంతటికీ మూలసూత్రమని తీర్మానించడం దాకా వెళ్లాడు. కోళ్లగూటి నుంచి విశ్వం దాకా అంత తొందరగా ఎగరడం ఈ రంగానికి తొలినాటి నుంచీ ఉన్న జబ్బు.

ఆధిపత్యం ప్రాణి గుణమా, గుంపు పరిణామమా అన్నదాన్ని నేరుగా పరీక్షించినవాడు ఇవాన్ చేజ్. 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఆయన బృందం కొన్ని చేపలను ఒక తొట్టిలో వదిలి, వాటి మధ్య వరుస ఏర్పడ్డాక విడదీసి, కొన్నాళ్లకు అవే చేపలను తిరిగి కలిపింది. బలం, పరిమాణం, స్వభావమే వరుసను నిర్ణయించేటట్లయితే రెండోసారి కూడా అదే వరుస రావాలి; చాలా గుంపుల్లో అది రాలేదు. ఒకసారి గెలిచినది మళ్లీ గెలిచే అవకాశం, ఓడినది మళ్లీ ఓడే అవకాశం పెరుగుతాయి, మొదటి కొన్ని తాకిడుల్లో ఎవరికి ఎవరు ఎదురుపడ్డారన్న యాదృచ్ఛికత మిగిలిన చరిత్రను నడిపిస్తుంది.

‘ఆల్ఫా’ మగ తోడేలు నాయకత్వం గురించిన ప్రచారం ఇంతకంటే బలహీనమైన పునాది మీద లేచింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బాసెల్ జంతు ప్రదర్శనశాలలోని తోడేళ్లను చూసి, గుంపు శిఖరాన పోట్లాడి నిలిచిన మగ, ఆడ తోడేళ్లు ఉంటాయని రాశాడు. డేవిడ్ మీచ్ 1970 నాటి తన పుస్తకం ద్వారా ఆ మాటను లోకమంతా చేర్చాడు. తరువాత కెనడాలోని ఎల్స్‌మీర్ దీవిలో ఏటా వేసవుల్లో అడవి తోడేళ్లను దగ్గరగా చూసిన ఆ మీచే, 1999లో, సహజమైన గుంపంటే తల్లి, తండ్రి, వాటి పిల్లలని, పెద్దరికమంటే అక్కడ కన్నవారి పెద్దరికమేనని, పిల్లలు పెరిగి దేని దారిన అది వెళ్లి సొంత సంసారం పెట్టుకుంటాయని రాశాడు. పరాయి తోడేళ్లను ఒక ఆవరణలో కుక్కితే ఏర్పడిన కలహాన్ని తోడేలు స్వభావంగా ప్రకటించడమే పొరపాటు. ఆయన తన పాత పుస్తకాన్ని అచ్చు వేయడం ఆపమని ఎన్నో ఏళ్లు ప్రచురణకర్తలను కోరాల్సి వచ్చింది. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ‘ఆల్ఫా’ మగవాడు మాత్రం ఇప్పటికీ క్షేమంగానే ఉన్నాడు.

కోతుల్లో చిత్రం మరింత చిక్కుతో కూడినది. జపాన్ పరిశోధకులు 1950లలోనే చూపినట్లు, మకాక్ కోతుల్లో ఆడపిల్ల స్థానం దాని కండబలం వల్ల రాదు, తల్లి స్థానం నుంచి వస్తుంది. పైగా అక్కచెల్లెళ్లలో చిన్నదే సాధారణంగా అక్కల కంటే పైన ఉంటుంది, ఎందుకంటే గొడవ వచ్చినప్పుడు తల్లి చిన్నదాని పక్షం వహిస్తుంది. కాబట్టి వరుస అన్నది ఒక రకమైన వారసత్వం, దాన్ని అమలుచేసేది బంధువర్గం. మచ్చల హైనాల్లో ఆడవి మగవాటిపై పైచేయిగా ఉండడానికి పెద్ద శరీరమో హార్మోనో కారణమని చాలాకాలం భావించారు కానీ, టాంజానియాలోని ఎన్‌గోరోంగోరో హైనాల మీద 2018లో వెలువడిన అధ్యయనం, తగాదాలో తనకు ఎక్కువమంది సాయం దొరికే అవకాశం ఉన్నదే, ఆడదైనా మగదైనా, గెలుస్తుందని తేల్చింది. పుట్టిన గుంపులోనే ఉండిపోయే ఆడవాటికి చుట్టాలు ఎక్కువ, వలస వచ్చిన మగవాటికి తక్కువ, అంతే తేడా. క్షీరదాల్లో మగజాతి ఆధిపత్యమే నియమమన్న నమ్మకానికి 2025లో పీటర్ కాప్లర్, ఎలీజ్ హుషార్‌ల బృందం 121 ప్రైమేట్ జాతుల సమాచారాన్ని క్రోడీకరించి గట్టి దెబ్బ తీసింది. మగవి దాదాపు ప్రతి తగాదాలోనూ గెలిచే గుంపులు అయిదో వంతు కూడా లేవు, ఎక్కువ గుంపుల్లో ఫలితం అటూ ఇటూగా ఉంది.

పరిస్థితి మారితే వరుస స్వభావమే మారడానికి ప్యూర్టో రికో పక్కన కాయో శాంటియాగో దీవి ఒక సాక్ష్యం. 1938లో భారతదేశం నుంచి తీసుకెళ్లి అక్కడ వదిలిన 409 రీసస్ కోతుల సంతతి మీద తరతరాలుగా పరిశోధన సాగుతోంది. రీసస్ మకాక్‌లలోకెల్లా దుడుకు జాతి. తెలుగు నేల మీద కూడా అది దక్షిణానికి వ్యాపిస్తూ, కాస్త సాత్వికమైన బానెట్ కోతిని వెనక్కి నెడుతోంది. 2017 సెప్టెంబరులో మరియా తుపాను కాయో శాంటియాగో మీది చెట్లను నేలమట్టం చేశాక, మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడ అన్నిటికంటే విలువైన వస్తువైంది. ఆధిపత్య సిద్ధాంతం ప్రకారం నీడ కోసం పోట్లాటలు పెరగాలి. జరిగింది మాత్రం విరుద్ధం, కోతులు ఒకదాన్నొకటి సహించడం పెంచుకుని మిగిలిన నీడపట్టుల్లో కలిసి కూర్చున్నాయి. ఎక్కువమందిని సహించిన కోతులే తరువాతి ఏళ్లలో ఎక్కువగా బతికి ఉన్నాయని 2024లో వెలువడిన ఫలితాలు తెలిపాయి.

ఈ సాహిత్యంలో అన్నిటికంటే సూక్ష్మమైన పాఠం చెప్పేది దక్షిణ భారతదేశంలో ఇళ్ల చూరుల కింద గూడు కట్టే ఒక కందిరీగ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన రోపాలిడియా మార్జినేటా అనే ఈ జాతిలో రాణికీ శ్రామికులకూ రూపంలో తేడా ఉండదు, పైగా గుడ్లు పెట్టే హక్కు ఒక్కదానికే ఉన్నా ఆ రాణి గూటిలో అతి సాధువు. ఎవరినీ కరవదు, తరమదు. రాణిని గూటి నుంచి తీసేస్తే అరగంట లోపే శ్రామికుల్లో ఒకటి ఉన్నట్టుండి విపరీతమైన దూకుడు చూపుతుంది. రాణిని తిరిగి పెడితే చల్లబడుతుంది, పెట్టకపోతే వారం రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి క్రమంగా పాత రాణి అంత సాధువు అవుతుంది. ఆ వారసురాలు ఎవరో పరిశోధకులు ముందుగా ఊహించలేకపోయారు; పరిమాణం, అండాశయం, అంతకుముందు చూపిన దూకుడు ఏవీ ఆధారం కాలేదు. గూటిని రెండుగా కోసి మధ్య జాలీ పెట్టి జరిపిన ప్రయోగాల్లో మాత్రం ఒక సంగతి బయటపడింది: అసలైన వారసురాలిని ఏ కందిరీగా ఎదిరించలేదు. వారసురాలెవరో వాటికి తెలుసు, మనిషికి తెలియలేదు. దూకుడు అక్కడ పట్టాభిషేకపు తొలి రోజుల అవసరం. స్థిరపడ్డ అధికారం ఒంటి రసాయన వాసనల ద్వారా, గుంపు సమ్మతి ద్వారా సాగుతుంది. దీని దగ్గరి బంధువైన మరో రోపాలిడియా జాతిలో రాణి నిజంగానే దెబ్బలాడి నెగ్గుకొస్తుంది, కాబట్టి ఒక కందిరీగను చూసి మరో కందిరీగ గురించే చెప్పలేని చోట మనిషి గురించి చెప్పడం సాహసమే.

పైనున్నవారికి సుఖం, కిందివారికి వ్యథ అన్న సమీకరణం కూడా సరళం కాదు. కెన్యాలోని అంబోసెలీ బబూన్ల మీద 2011లో వెలువడిన ఫలితాల్లో, శిఖరాన ఉన్న మగ బబూన్ ఒత్తిడి హార్మోన్లు దాని వెనుక ఉన్న రెండో స్థానపు బబూన్ కంటే ఎక్కువగా ఉన్నాయి. పదవి నిలుపుకోవడం ఖర్చుతో కూడిన పని. కెన్యాలోనే రాబర్ట్ సపోల్‌స్కీ చూసిన ఒక గుంపులో, పొరుగు గుంపు మేసే చెత్తకుప్ప దగ్గరికి కొట్లాడి వెళ్లగల దుడుకు మగ బబూన్లన్నీ 1980ల మధ్యలో క్షయ సోకిన మాంసం తిని చనిపోయాయి. మిగిలినవి శాంతస్వభావులు, పదేళ్ల తరువాత వాటిలో ఒక్క మగదీ ఆ గుంపులో లేకున్నా, బయటి నుంచి వచ్చి చేరిన కొత్త మగవి కూడా అదే శాంతమైన తీరును అలవరచుకున్నాయి. ఇక 1967లో మొదలైన బ్రిటిష్ ప్రభుత్వోద్యోగుల వైట్‌హాల్ అధ్యయనం, అట్టడుగు హోదాలో ఉన్నవారికి గుండెజబ్బు మరణాలు పైహోదా వారికంటే దాదాపు మూడు రెట్లని, పొగతాగడం, రక్తపోటు వంటివి లెక్కలోంచి తీసేసినా ఆ తేడాలో పెద్దభాగం మిగిలే ఉందని చూపింది. వాళ్లెవరూ తిండికి లేనివాళ్లు కారు. హోదా ఒంటిని తాకుతుందన్నది ఇంత స్పష్టంగా చెప్పిన అధ్యయనాలు తక్కువ.

సమాజశాస్త్రంలో ఈ భావనకు గట్టి రూపమిచ్చిన మాక్స్ వెబర్ గ్రంథం, ఆయన మరణానంతరం, ష్యెల్డెరుప్-ఎబ్బె కోళ్ల వ్యాసం వచ్చిన 1922లోనే వెలువడింది. ఎదిరింపు ఉన్నా తన ఇష్టాన్ని నెరవేర్చుకోగల అవకాశాన్ని వెబర్ బలమన్నాడు. ఆజ్ఞ ఇస్తే ఫలానావారు పాటిస్తారన్న అవకాశాన్ని ఆధిపత్యమన్నాడు. పాటించేవారు ఎందుకు పాటిస్తారన్నదే ఆయనకు ముఖ్యం: తాతల నాటి ఆచారమని, నాయకుడి అసాధారణ ఆకర్షణ అని, చట్టమని. కోడికి కారణం చెప్పుకోవలసిన పని లేదు. మనిషి ఆధిపత్యానికి మాత్రం ఎప్పుడూ ఏదో ఒక సమర్థన కావాలి, ఆ సమర్థనను కిందివారు ఎంతవరకు నమ్ముతున్నారన్న ప్రశ్న ఎప్పుడూ వెంటే ఉంటుంది.

భారతీయ గ్రామం విషయంలో ఈ ప్రశ్నను ముందుకు తెచ్చినది ఎం.ఎన్.శ్రీనివాస్. మైసూరు ప్రాంతంలో తాను రామపుర అని పేరు మార్చి రాసిన ఊరిని 1948లో అధ్యయనం చేసిన ఆయన, 1950లలో ఆధిపత్య కులం అనే భావనను ప్రతిపాదించాడు. వర్ణవ్యవస్థ నిచ్చెన పైమెట్టు మీద బ్రాహ్మణుడు ఉన్నా, ఊళ్లో తగవు తీర్చేది, కూలి రేటు నిర్ణయించేది, ఓట్లు వేయించేది ఒక్కలిగ కులంవారేనని, కాబట్టి తలల లెక్క, భూమి, రాజకీయ బలం, మరీ తక్కువ కాని ఆచార హోదా, వీటికి తోడు కొత్తగా వచ్చిన ఇంగ్లీషు చదువు, ఉద్యోగాలు కలిసిన చోట ఆధిపత్యం ఉంటుందని ఆయన సూత్రీకరించాడు. ఆచార శుద్ధిని బట్టి కులాన్ని కొలిచే పుస్తక పద్ధతిని పొలం గట్టు మీదికి దింపినందుకు ఈ భావన విలువైనది. కోస్తాలో కమ్మ, రాయలసీమలోనూ తెలంగాణలోనూ రెడ్డి ప్రాబల్యాన్ని వివరించడానికి తరువాతి పరిశోధకులు దీన్నే వాడారు; సెలిగ్ హారిసన్ 1956లోనే ఆంధ్ర కమ్యూనిస్టు రాజకీయాలను ఈ రెండు కులాల పోటీ కోణంలో చదివాడు.

ఆధిపత్య కులం మీద వచ్చిన విమర్శల్లో బలమైనది ఎస్.సి.దుబేది. హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట మీద ఆయన రాసిన గ్రంథం 1955లో వచ్చింది, గ్రామం లోపలి వర్గాలను ఆయన దగ్గరగా చూశాడు. కులం మొత్తం ఒక్క మాట మీద నిలబడితేనే కులానిది ఆధిపత్యమనాలని, నిజానికి ఊళ్లో పెత్తనం చేసేది ఆ కులంలోని కొన్ని కుటుంబాలని, అవీ ముఠాలుగా చీలి ఉంటాయని, అదే కులంలోని పేదవాడికి దక్కేది కులం పేరు తప్ప పెద్దగా ఏమీ లేదని ఆయన వాదించాడు. లూయీ డూమో వేరే వైపు నుంచి తలల లెక్కను కొట్టిపారేసి, భూమి మీది హక్కే కీలకమన్నాడు. ఈ వాదాన్ని తెలంగాణ చరిత్ర బలపరుస్తుంది. నిజాం పాలనలో దేశ్‌ముఖ్‌లు ఊళ్లలో సంఖ్యాబలం ఉన్నవారు కారు; పన్ను వసూలు హక్కు, వేల ఎకరాల భూమి, వెనుక ప్రభుత్వం, చేతిలో గూండాలు ఉన్న కొద్ది కుటుంబాలు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ వంతులవారీగా చేసిన వెట్టిచాకిరీ మీద, ‘నీ బాంచెన్ దొరా, కాల్మొక్త’ అని పలికించుకున్న విధేయత మీద దొరల కోటల్లాంటి ఇళ్లైన ఆ గడీలు నిలిచాయి. 1946 జూలై 4న కడవెండిలో రైతు దొడ్డి కొమురయ్య మరణం తరువాత దొరల మీది రైతుల ఉద్యమం సాయుధ పోరాటంగా మారినప్పుడు, అంతకాలం వంగిన నడుములే దొరలను ఊళ్లు వదిలి పట్నాలకు పారిపోయేలా చేశాయి. ఆ విధేయతలో నమ్మకమెంత, భయమెంత అన్నది అప్పుడు తేలింది. మలేసియాలోని ఒక వరిపండించే ఊరిని చూసి జేమ్స్ స్కాట్ 1985లో రాసినదీ ఇదే: కిందివారు పైకి తల వంచినా, చాటున వెక్కిరింతలతో, పనిలో జాప్యంతో, చిన్న చిన్న దొంగతనాలతో తమ అసమ్మతిని నిలుపుకుంటూనే ఉంటారు.

సమ్మతి లేని ఆధిపత్యాన్ని రణజిత్ గుహ 1997 నాటి గ్రంథంలో సిద్ధాంతీకరించాడు. పాలితుల మనసును గెలుచుకుని, తమ ప్రయోజనమే అందరి ప్రయోజనమని నమ్మించి ఏలడాన్ని ఆంటోనియో గ్రాంసీ 1929 తరువాత జైల్లో రాసిన నోటుపుస్తకాల్లో వివరించాడు. వలస పాలన భారతదేశంలో ఆ స్థితిని ఎన్నడూ అందుకోలేదని, ఇక్కడ బలవంతమే ఒప్పించడం కంటే బరువైనదని గుహ అన్నాడు. ఆయన చెప్పినది వలస రాజ్యం గురించే అయినా, స్వతంత్ర ఆంధ్రలోని పల్లెకూ అది వర్తిస్తుంది. 1985 జూలైలో కారంచేడులో దళితులు తాగే చెరువు నీళ్లలోకి గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే గొడవ రేగి, కొట్టబోయిన చేతికి ఒక దళిత మహిళ తన బిందె ఎత్తింది. మరునాడు, 17న, భూస్వామ్య కులం వారు గుంపుగా దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల హత్యకు ముందు జరిగిన గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందన్నది. నీళ్ల దగ్గర ముందువరుస, దారిలో తప్పుకోవడం, కాలు ముడుచుకోవడం: కోళ్లగూటి పరిశోధకుడు రాసుకునేది కూడా ఇవే. ఇక్కడిదాకా పోలిక కుదురుతుంది, ఇంతకు మించి పొడిగించడం తప్పు. కిందున్నది తప్పుకోవడం మానేసినప్పుడు కోడి ఒంటరిగా పొడుస్తుంది; ఊళ్లో మాత్రం దాడికి ముందు మంతనాలు ఉంటాయి, చుట్టరికాలు కదులుతాయి, పోలీసు ఎటు ఉంటాడన్న అంచనా ఉంటుంది. ఎదురుగా నిలిచినవారికి కూడా కోడికి లేనివి ఉన్నాయి: కారంచేడు తరువాత చీరాల శిబిరం, దళిత మహాసభ, దేశవ్యాప్తంగా 1989 అత్యాచారాల నిరోధక చట్టం.

మనిషి మూలాల్లోనే ఆధిపత్యం ఉందా అన్న ప్రశ్నకు మానవశాస్త్రం ఇచ్చే జవాబు కొంత మలుపు తిరిగినది. వేట, సేకరణ మీద బతికే సమూహాలను సమీక్షించిన క్రిస్టఫర్ బోమ్, 1990లలో, ఆ సమూహాలు సమానంగా ఉండడానికి కారణం వారిలో పెత్తనదాహం లేకపోవడం కాదని, పెత్తనానికి దిగినవాడిని మిగిలినవారంతా ఎగతాళితో, వెలితో, అవసరమైతే మరణశిక్షతో అణచడమని వాదించాడు. నల్లమల చెంచులపై 1943లో హైమెండార్ఫ్ ప్రచురించిన గ్రంథంలో కూడా పెద్దమనిషి మాటకు విలువ ఉంటుంది గానీ, నచ్చనివాడు మూటా ముల్లె సర్దుకుని మరో పెంటకు (చెంచు గూడేనికి) వెళ్లిపోతే ఆపగల అధికారం ఎవరికీ కనిపించదు. భయపెట్టి పొందే స్థానం వేరు, నేర్పుకు మెచ్చి జనం ఇచ్చే గౌరవం వేరని 2001లో హెన్రిచ్, గిల్-వైట్ చేసిన విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది. మొదటిదానిలో కిందివాడు చూపు తిప్పుకుంటాడు, రెండోదానిలో దగ్గరకొచ్చి నేర్చుకుంటాడు. కోతుల్లో ఎక్కువగా ఉన్నది మొదటిదే. ఇంత సాహిత్యం ఉండగా, 2018లో జోర్డన్ పీటర్సన్ సముద్రపు రొయ్య జాతిలోని సెరొటోనిన్‌ను చూపి మానవ సమాజపు అంతస్తులను వివరించబోవడం, లక్షల ప్రతులు అమ్ముడైనా, శాస్త్రంగా నిలవదు.

నియమాన్ని మార్చి ఆధిపత్యం ఎంత మారుతుందో చూసే అవకాశాన్ని 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది. సర్పంచ్ పదవుల్లో మూడో వంతు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పుడు సగం, మహిళలకు కేటాయించినప్పుడు కుర్చీలో భార్య, పెత్తనంలో భర్త అన్న దృశ్యం సర్వసాధారణమైంది, పదవి వేరు, ఆధిపత్యం వేరు అనడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అయినా రిజర్వుడు స్థానాలు ఏవన్నది చీటీ తీసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయమయ్యే పశ్చిమబెంగాల్, రాజస్థాన్‌లలో రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డఫ్లో చేసిన అధ్యయనం, 2004లో, మహిళలు సర్పంచ్‌లైన ఊళ్లలో తాగునీటి మీద ఖర్చు పెరిగిందని చూపింది. పశ్చిమబెంగాల్ మీద లోరి బీమన్ తదితరులు 2009లో ప్రచురించిన ఫలితాలు మరింత ఆలోచింపజేసేవి. మగ నాయకుడే కావాలన్న ఇష్టం ఊళ్లోవాళ్లలో పెద్దగా మారలేదు. అయితే ఆడవాళ్లు పాలించగలరా అన్న అంచనా మారింది, రెండు దఫాలు మహిళా రిజర్వేషన్ నడిచిన చోట్ల జనరల్ స్థానాల్లో కూడా మహిళలు పోటీ చేసి గెలవడం పెరిగింది.